చక్రాల కుర్చీతో హరమైన్ యాత్ర

మా వీధి మస్జిదుకు ఏడు మెట్లున్నాయి. ముప్పై ఏళ్ళుగా రోజుకు ఐదుసార్లు వాటిని ఎక్కి దిగుతున్నాము గాని, అవి ఏడని మాకు తెలియదు. లెక్కపెట్టి చెప్పినవాడు మా మేనల్లుడు. వాడు ఆ మెట్లెక్కి ఆరు సంవత్సరాలయింది.

వాడు మా మదరసాలోనే నాజిరా, ఉర్దూ చదువుకున్నాడు. తరువాత భవనాలకు రంగులు వేసే పనిలో చేరాడు. ఏటా రమజానుకు ముందు మస్జిదు మినారుకు రంగు వేసేది వాడే. కూలి తీసుకునేవాడు కాదు. ఆరేళ్ళ క్రితం వేరే ఊళ్ళో పని చేస్తూ పరంజా మీదనుంచి పడ్డాడు. వెన్నుపాము దెబ్బతిన్నది. నడుము క్రింది భాగంలో కదలిక లేదు, స్పర్శ లేదు. ఇప్పుడు కర్నూలులో ఇంటి వద్దనే సెల్‌ఫోన్లు బాగుచేసి తన ఖర్చులు తాను సంపాదించుకుంటున్నాడు.

ఆస్పత్రి నుంచి తిరిగివచ్చిన తరువాత మొదటి జుమా నాడు వాడు మమ్మల్ని అడిగాడు: “మామూజాన్, నేను మస్జిదుకు ఎలా రావాలి?” మేము పాతికేళ్ళుగా ఫిఖహ్ బోధిస్తున్నవారము. సమాధానం నాలుక చివరనే ఉన్నది. నీ వంటివారికి షరీఅత్‌లో సడలింపు ఉన్నది, జుమా నీపై విధి కాదు, ఇంటి వద్దనే జుహర్ చేసుకో, పుణ్యంలో లోటు రాదని చెప్పాము. మసలా సరైనదే. వాడు తల వంచుకుని “సరే” అన్నాడు. వాడడిగింది రావాలా వద్దా అని కాదు, ఎలా రావాలి అని. ఆ తేడా మాకు తెలిసిరావడానికి మక్కా దాకా పోవలసి వచ్చింది.

గత చలికాలంలో వాడు దాచుకున్న పైకానికి మాది కొంత కలిపి, హైదరాబాదు నుంచి వెళ్ళే ఒక బృందంతో ఉమ్రాకు బయలుదేరాము. “వీల్‌చెయిర్ సౌకర్యం అంతటా ఉంటుంది” అని ఏజెంటు భరోసా ఇచ్చాడు. విమానాశ్రయంలో నేల నున్నగా ఉన్నది, లిఫ్టులున్నాయి, తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. మా వీధిలో నాలుగు అడుగులు పోవడానికి ఇద్దరి సాయం కావలసినవాడు అక్కడ మమ్మల్ని వెనుక వదిలి ముందుకు సాగిపోయాడు. కాని కౌంటరు వద్ద కూర్చున్న ఉద్యోగి వాడి పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, వాడిని కాక మమ్మల్ని చూసి, “ఇతని పేరేమి?” అని అడిగాడు. వాడు తన పేరు తానే చెప్పాడు. ఆ ఉద్యోగి రెండవ ప్రశ్న కూడా మమ్మల్నే అడిగాడు.

మా బృందంలో ఫిజియోథెరపీ చదివిన యువకుడొకడు తల్లిని తీసుకుని వస్తున్నాడు. విమానం కొరకు వేచి ఉన్నప్పుడు ఈ సంగతి విని, తమ చదువులో దీనికొక లెక్క ఉన్నదని చెప్పాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఒక వర్గీకరణను ఆమోదించింది, దానిని ఐ.సి.ఎఫ్. అంటారట. మనిషి శరీరంలో ఏ లోపమున్నదో చూడడంతో సరిపెట్టుకోకుండా, అతడు దైనందిన జీవితంలో ఎంతవరకు పాలుపంచుకోగలుగుతున్నాడు, అతని చుట్టూ ఉన్న పరిస్థితులు అందుకు తోడ్పడుతున్నాయా, అడ్డుపడుతున్నాయా అని అది విచారిస్తుంది. ఆ పరిస్థితులను ఐదు భాగాలు చేశారు: వాడే వస్తువులు, పరికరాలు, ప్రకృతి, మనిషి దానిలో చేసిన మార్పులు, తోడుండే మనుషులు, వారి వైఖరులు, సేవలు, చట్టాలు, ఏర్పాట్లు. ఒక్కొక్కదానికి సున్నా నుంచి నాలుగు వరకు అంకె వేస్తారు. అడ్డంకి అయితే ఉట్టి అంకె, తోడ్పాటు అయితే దానికి ముందు ప్లస్ గుర్తు. ఒకే వస్తువు ఒకరికి తోడ్పాటు, మరొకరికి అడ్డంకి కావచ్చు.

మావాడికి ఇది ఎంతో నచ్చింది. ఖర్చులు వ్రాసుకోవడానికి తెచ్చుకున్న నోటుపుస్తకంలో వెనుకవైపు నుంచి మార్కులు వేయడం మొదలుపెట్టాడు. తేలికగా ఉంటుందని అడ్డంకికి మైనస్ గుర్తు తనే కల్పించుకున్నాడు. విమానాశ్రయం నేలకు ప్లస్ నాలుగు. కౌంటరు ఉద్యోగికి మైనస్ మూడు. “నాలుగెందుకు కాదు?” అని అడిగితే, “ముందు ముందు అవసరం పడుతుందేమో మామూజాన్” అన్నాడు.

అవసరం మక్కాలో పడింది. మా బస హరమ్‌కు దగ్గరే, గది విశాలమే. స్నానాలగది వాకిలి మాత్రం వాడి కుర్చీ కంటే అంగుళం ఇరుకు, పైగా నాలుగంగుళాల గడప. ఏజెంటుకు ఫోను చేస్తే, లిఫ్టు ఉంది కదా అన్నాడు. మొదటి రోజు వాడిని ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చి, మేమూ ఆ ఫిజియోథెరపీ అబ్బాయీ ఎత్తి లోపల దించాము. ముప్పై నాలుగేళ్ళ మగవాడిని ఇద్దరు ఎత్తుకుపోవడం వాడికి ఎంత కష్టమో ముఖంలో కనిపించింది.

రెండవ రోజు సాయంత్రం ఒక విషయం గమనించాము. వాడు నీళ్ళు త్రాగడం లేదు. హరమ్‌లో ఎక్కడ చూసినా జమ్‌జమ్ డబ్బాలు వరుసగా ఉన్నాయి. అందరూ కడుపునిండా త్రాగుతున్నారు, సీసాలలో నింపుకుంటున్నారు. వాడు గ్లాసు పెదవులకు తాకించి దించుతున్నాడు. అడిగితే మొదట చెప్పలేదు. గట్టిగా అడిగిన తరువాత, “నీళ్ళు త్రాగితే గదిలో మిమ్మల్ని ఎన్నిసార్లు లేపాలి మామూజాన్?” అన్నాడు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నీళ్ళు తగ్గిస్తే మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ వస్తుందని వైద్యులు మరీ మరీ చెప్పి పంపారు. జమ్‌జమ్ బావికి ఇంత దగ్గరలో మా ఇంటి పిల్లవాడు ఒక తలుపు కారణంగా దాహంతో ఉన్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఉదయం హోటల్లో మరమ్మతులు చేసే పనివాడు ఒకడు మా తెలుగు విని ఆగాడు. జగిత్యాల ప్రాంతం వాడట, వచ్చి పదకొండేళ్ళయిందట. సంగతి చెప్పగానే వాకిలిని ఒకసారి పైనుంచి క్రిందికి చూసి, “గింతదానికి ఫికరెందుకు హజ్రత్, తలుపు ఊడదీస్తె అయిపాయె” అన్నాడు. బందుల స్క్రూలు విప్పి తలుపు తీసి గోడకు ఆనించాడు. తలుపు మందం పోయేసరికి కుర్చీకి దారి దొరికింది. తలుపు స్థానంలో దుప్పటి కట్టాడు. ఎక్కడినుంచో రెండు చెక్క పలకలు తెచ్చి గడపకు ఇరువైపులా వాలుగా అమర్చాడు. అరగంట పని. పైకం ఇవ్వబోతే పుచ్చుకోలేదు, దుఆ చేయమన్నాడు. ఆ మధ్యాహ్నం మావాడు వరుసగా మూడు గ్లాసుల జమ్‌జమ్ త్రాగాడు. నోటుపుస్తకంలో ఆ స్నానాలగదికి మైనస్ నాలుగు కొట్టివేసి ప్లస్ రెండు వ్రాసుకున్నాడు.

ఇటువంటివారి ఇళ్ళలోని పాఠకులకు ఉపయోగపడుతుందని ఒక మాట. మూత్రంపై అదుపులేని వ్యక్తిని ఫిఖహ్‌లో ‘మఅజూర్’ అంటారు. హనఫీ మతానుసారం అతనికి ఒక నమాజు వేళకు ఒక వుజూ చాలు. ఆ వేళ ముగిసేవరకు అదే కారణంగా వుజూ భంగం కాదు. తవాఫ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఈ చిన్న మసలా తెలియక ఎందరో యాత్రకే వెనుకాడుతున్నారు. ఇహ్రామ్ వస్త్రం అంచులు చక్రాల ఊచలలో చిక్కుకుంటాయి, నడుముకు బెల్టు బిగించి అంచులు పైకి దోపుకోవాలి. ఇది మాకు విమానం దిగగానే ఒక అంచు చిరిగిన తరువాత తెలిసింది.

తవాఫ్‌కు మమ్మల్ని పై అంతస్తుకు పంపారు. అక్కడ ప్రదక్షిణం క్రింది మతాఫ్ కంటే చాలా పొడవు. నేల సమతలంగా ఉన్నది గనుక మొదటి రెండు చుట్లు వాడు చక్రాలు తానే త్రిప్పుకున్నాడు. యూనిఫారం వేసుకుని కూలికి కుర్చీలు నెట్టేవారున్నారు, విద్యుత్తుతో నడిచే బండ్లూ ఉన్నాయి. వాడు రెండూ వద్దన్నాడు. మూడవ చుట్టు నుంచి మేము నెట్టాము.

దైవప్రవక్త (స) తమ వీడ్కోలు హజ్జ్‌లో ఒంటెపై కూర్చుని తవాఫ్ చేశారనీ, చేతికర్రతో హజ్రె అస్వద్‌ను తాకారనీ బుఖారీలో ఉన్నది. హజ్రత్ ఉమ్మె సల్మా (రజి) అనారోగ్యంగా ఉన్నదని విన్నవించుకుంటే, జనానికి వెనుకగా వాహనంపై తవాఫ్ చేయమన్నారు. ఇంటికి వెళ్ళి పడుకోమనలేదు. ఈ హదీసును ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఆ రోజు కుర్చీ పిడులు పట్టుకుని నెట్టుతుండగా గాని ఇలా చదవలేదు.

ఒక ఇబ్బంది మాత్రం తప్పలేదు. పై అంతస్తు అంచు వెంబడి యాత్రికులు నిలబడి కఅబాను చూస్తుంటారు. కూర్చున్నవాడికి కనిపించేది వారి వీపులే. వాడు చుట్టూ తిరుగుతున్నది దేని చుట్టూనో ఆ గృహం వాడికి ముక్కలు ముక్కలుగా కనిపించింది. ఐదవ చుట్టులో ఒక నల్లజాతి వృద్ధురాలు, ఏ దేశస్థురాలో, వెనుదిరిగి వాడిని చూసి, తన ప్రక్కనున్న ఇద్దరు కుమారులను భుజాలు పట్టి ప్రక్కకు లాగింది. దారి తెరుచుకున్నది. వాడు అంచు వరకు వెళ్ళి చాలాసేపు ఉండిపోయాడు. మేము తొందర చేయలేదు.

సయీ మాటకు వస్తే మాకు ఎంత వ్రాసినా తనివి తీరదు. సఫా, మర్వాల మధ్య ఏడు పర్యాయాలు కలిపితే దాదాపు మూడు కిలోమీటర్లు. వచ్చే బాట, పోయే బాట నడుమ చక్రాల కుర్చీల కొరకు ప్రత్యేకంగా దారులు కట్టారు. రాను ఒకటి, పోను ఒకటి. నడిచేవారు మధ్యలో అడ్డురారు, కుర్చీ ఎవరి మడమలకూ తగలదు. అది ప్రక్కన ఎక్కడో గోడవార తోసివేసిన దారి కాదు. అందరి నడుమనుంచి పోతుంది.

మధ్యలో ఆకుపచ్చ దీపాల హద్దులున్నాయి. అక్కడ పురుషులు వేగంగా పరుగువంటి నడకతో సాగాలి. హజ్రత్ హాజిరా (అలైహస్సలామ్) నడిచిన కాలంలో అది లోయ అడుగు; పల్లంలోకి దిగగానే పసివాడు కనుమరుగయ్యేవాడు గనుక ఆమె ఆ కొంతదూరం పరుగెత్తింది. ఆ హద్దు రాగానే మావాడు తల వెనక్కు త్రిప్పి, “మామూజాన్, ఇక్కడ పరుగెత్తాలి” అన్నాడు. మాకు యాభై ఆరేళ్ళు, మోకాళ్ళు అంతంతమాత్రం. పరుగెత్తాము. ప్రమాదం జరిగిన తరువాత వాడు బిగ్గరగా నవ్వడం అదే మొదటిసారి వినడం. ఏడు పర్యాయాలూ పరుగెత్తాము. నాలుగవసారికి మాకు ఆయాసం వచ్చినా ఆపమని వాడు అనలేదు, మేమూ ఆపలేదు. సయీ దారికి ప్లస్ నాలుగు పడింది. మా మోకాళ్ళకు ఎంత వేశాడో చూపలేదు.

ఆ రాత్రి మర్వా బయట విశ్రాంతిగా కూర్చున్నప్పుడు, వెళ్తూ వెళ్తూ ఒక పెద్దమనిషి వాడి ఒడిలో ఒక రియాలు నోటు పెట్టి వెళ్ళాడు. కొద్దిసేపటికి మరొకరు. సెల్‌ఫోను పనితో కష్టార్జితం తింటున్నవాడు, ఉమ్రా పూర్తి చేసి ఇహ్రామ్‌లో కూర్చున్నవాడు, చక్రాల కుర్చీ కనబడగానే యాచకుడయ్యాడు. మాకు కోపం వచ్చింది. వాడు ఆ నోట్లు సదఖా పెట్టెలో వేయించాడు. పుస్తకంలో చాలాసేపు ఏమీ వ్రాయలేదు. చివరకు, “నియ్యత్‌కు ప్లస్, చూపుకు మైనస్. రెండూ కలిపితే ఎంతో ఆ తమ్ముణ్ణి అడగాలి” అన్నాడు.

మక్కా నుంచి మదీనాకు హరమైన్ రైలులో వెళ్ళాము. 2018లో మొదలైన ఈ మార్గం మొత్తం 450 కిలోమీటర్లు. రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. వేగం కంటే మమ్మల్ని ఆకట్టుకున్నది ప్లాట్‌ఫారం. కుర్చీ నేరుగా బోగీలోకి దొర్లిపోయింది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ “జరగండి, జరగండి” అని అరవలేదు.

మదీనాలో మస్జిదె నబవీ ఆవరణ అంతా సమతలం. తెరుచుకునే గొడుగుల నీడలో వాడు ఒక్కడే తిరిగివచ్చేవాడు. ఎనిమిది రోజులలో ఒక్క ఫజ్ర్ జమాఅతు కూడా వాడికి తప్పలేదు. ఆరు సంవత్సరాలలో ఒక్కటీ దొరకనివాడికి!

ఒక ఉదయం కుబాకు వెళ్ళి, అక్కడికి దగ్గరలోనే ఉన్న మస్జిదె జుమా వద్ద ఆగాము. హిజ్రత్ సందర్భంగా దైవప్రవక్త (స) మొదటి జుమా నమాజు చేయించిన స్థలం అది. అది బనూ సాలిమ్ వారి నివాస ప్రాంతం. వారి మధ్య నమాజు చేయించే ఇమాము హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి). బద్ర్‌లో పాల్గొన్న అన్సారీ సహాబీ. చూపు మందగించింది. వానలు కురిస్తే తన ఇంటికీ తన వారి మస్జిదుకూ మధ్యనున్న వాగు పొంగుతున్నదనీ, వెళ్ళలేకపోతున్నాననీ, తమరు మా ఇంటికి వచ్చి ఒకచోట నమాజు చేస్తే దానినే నమాజు స్థలంగా చేసుకుంటాననీ ఆయన విన్నవించుకున్నారు. మరునాడు ప్రొద్దెక్కిన తరువాత దైవప్రవక్త (స) హజ్రత్ అబూబకర్ (రజి)తో కలిసి వచ్చారు. కూర్చోకముందే, నీ ఇంట్లో ఎక్కడ నమాజు చేయమంటావని అడిగారు. చూపిన మూలలో రెండు రకాతులు చేశారు. తరువాత వారిని ఆపి మాంసం, పిండి కలిపి వండిన ఖజీరా వడ్డించారు.

నేడక్కడ వాగు కనిపించదు, రోడ్లూ కట్టడాలూ ఉన్నాయి. మేము ఈ వృత్తాంతం చెబుతుంటే మావాడు విని, “ఆయన తన చూపు గురించి ఒక మాట, వాగు గురించి ఒక మాట చెప్పుకున్నారు కదా మామూజాన్. వాగు లేకపోతే ఆ మందచూపుతోనే మస్జిదుకు పోయేవారన్నమాట” అన్నాడు.

మేము మాట్లాడలేకపోయాము. దీనికి ప్రక్కనే మరొక హదీసు ఉన్నది. చేయిపట్టి నడిపించేవారు లేరని ఒక అంధుడు ఇంట్లో నమాజుకు అనుమతి కోరాడు. అజాన్ వినిపిస్తుందా అని అడిగి, వినిపిస్తుందంటే, అయితే రమ్మన్నారు. ఒకరికి ఇంటికి వెళ్ళి స్థలం ఏర్పరచడం, మరొకరికి రమ్మనడం. ఈ రెంటికీ పొందిక ఎలా అని పాతికేళ్ళుగా విద్యార్థులకు గంటల తరబడి బోధించాము. రెండు చోట్లా అడిగినవారు తమ కంటి సంగతితో ఆగిపోలేదు. మధ్యలో ఏమి అడ్డమున్నదో చెప్పారు. ఒకరికి వాగు, ఒకరికి తోడు లేకపోవడం. ఆ అడ్డంకిపై మా దృష్టి ఎన్నడూ నిలవలేదు. అంధుడైన హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) మదీనాలో ముఅజ్జిన్‌గా ఉన్నారు. తెల్లవారింది అని ఎవరో చెబితే అజాన్ ఇచ్చేవారు. ఆ చెప్పేవాళ్ళు రోజూ ఉండేవారు కాబట్టే ఆ పని సాగింది.

తిరిగి వచ్చిన మొదటి జుమా నాడు మేము మస్జిదు కమిటీ ఎదుట మా తప్పు ఒప్పుకుని, ర్యాంపు మాట ఎత్తాము. సదర్ సాహెబ్ మంచివారే. “ఒక్కడి కోసం అంత ఖర్చా మౌలానా?” అన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వచ్చిపోయే భవనాలలో మతపరమైనవి కూడా చేరతాయని చెప్పాము. చట్టం మాట ఎవరికీ రుచించలేదు. తరువాతి వారం పెద్ద విద్యార్థులు ఇద్దరిని వెంటబెట్టుకుని మొహల్లాలో ఇల్లిల్లూ తిరిగాము, ఎవరు ఎందుకు రావడం లేదో అడుగుతూ. పక్షవాతం వచ్చిన దర్జీ, మోకాళ్ళు మార్పించుకున్న రిటైర్డు ఉపాధ్యాయుడు, పోలియో కాలుతో ఉన్న పండ్ల వ్యాపారి, చూపు తగ్గిన ఇద్దరు ముసలివారు. సదర్ సాహెబ్ సొంత అన్నగారు కూడా! ఆయన నాలుగేళ్ళుగా రావడం లేదు. తమ్ముడికి మొగమాటంతో చెప్పలేదట. ఆ చిట్టా చదివిన తరువాత ఖర్చు ప్రశ్న మళ్ళీ రాలేదు. స్థలం ప్రశ్న వచ్చింది.

కొలత మావాడే తీశాడు. ఎత్తు ఒకటైతే వాలు పొడవు పన్నెండు ఉండాలన్నది ప్రమాణం. అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఆరంగుళాల మెట్లు ఏడు, నలభై రెండు అంగుళాలు. కాబట్టి నలభై రెండు అడుగుల ర్యాంపు. మా సందులో అంత నిడివి లేదు. ఉత్తరం వైపు వుజూఖానా గోడ వెంబడి పోయి, మధ్యలో మలుపు దగ్గర చదునైన విశ్రాంతి స్థలం ఇచ్చి, ప్రక్క వాకిలికి చేర్చాలని కాగితంపై గీశాడు. అందుకు ఐదు కొళాయిలు మార్చవలసి వచ్చింది. కొందరికి అది నచ్చలేదు, ఇంకా గొణుగుతున్నారు.

పని మొదలయింది. రెండవ భాగం కాంక్రీటు పోసిన మరునాడు వాడు టేపుతో వచ్చి కొలిచి, మలుపు తరువాత వాలు మూడంగుళాలు ఎక్కువైందని చెప్పాడు. మేస్త్రీ చూపుకు బాగానే ఉంది కదా అని వాదించాడు. “నువ్వు ఈ కుర్చీలో కూర్చుని ఎక్కి చూపు భాయ్” అన్నాడు వాడు. మేస్త్రీ నవ్వుతూ కూర్చున్నాడు, సగం దూరంలో వెనక్కు జారాడు, లేచి ఏమీ అనకుండా సమ్మెట తెప్పించాడు. ఇది వ్రాస్తున్న సమయానికి ఆ భాగం పగులగొట్టి మళ్ళీ పోస్తున్నారు. మా మేనల్లుడు ఇంకా మస్జిదు లోపలికి రాలేదు. ర్యాంపు గోడకు వేయవలసిన రంగు డబ్బాలు మాత్రం నాలుగు రోజుల క్రితమే తెప్పించి ఇంట్లో పెట్టుకున్నాడు.